టాన్సిల్స్ తీశాక రక్తం రాకుండా ఏం చేయాలి?

ఏటూరునాగారం దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. పాపకు ఏడేళ్లు. ఏడాదిలో ఏడెనిమిదిసార్లు గొంతు వాచి జ్వరం వచ్చింది, రాత్రి గురక కూడా ఉంది. వచ్చే నెల హన్మకొండలో టాన్సిల్స్ తీయించాలనుకుంటున్నారు. వాళ్ల వాడకట్టులో ఒక బాబుకు ఇదే ఆపరేషన్ అయిన వారానికి నోట్లోంచి రక్తం పడితే మళ్లీ ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కు) తీసుకెళ్లాల్సి వచ్చిందట. "మా పాపకు అట్ల కాకుండా ముందే ఏమైనా చేయొచ్చా? రక్తం ఆగే టైము, గడ్డకట్టే టైము చూసే బీటీ, సీటీ నార్మల్ వచ్చింది. కరెంటుతో టాన్సిల్‌ను కరిగించి తీసే కోబ్లేషన్ మిషన్‌తో చేస్తే రక్తం రాదు, ఖర్చు మాత్రం ఎక్కువ అంటున్నారు. మా అత్తమ్మ చల్లటివి ముట్టనివ్వొద్దంటున్నది. రెండో రోజే ఊరికి పోవచ్చా?"

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. టాన్సిల్స్ తీశాను, రక్తం వస్తే అర్ధరాత్రి మళ్లీ ఓటీ తలుపు తీశాను. ముందు సూటిగా జవాబు చెప్తాను.

ప్రమాదాన్ని సున్నా చేయడం ఎవరి చేతిలోనూ లేదు. తగ్గించడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. అందులో మీ ఇంట్లో వాళ్లు చేయాల్సినవి మూడు. ఆపరేషన్‌కు ముందు ఇంటి రక్తస్రావ చరిత్ర దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి మందు గడియారం చూసి వేస్తూ పాపతో నీళ్లు తాగిస్తూ, మింగిస్తూ ఉండాలి. పది రోజులు హాస్పిటల్‌కు దగ్గరలో ఉండాలి. రెండో రోజే ఊరికి పోవచ్చా అన్నారు కదా, వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

టాన్సిల్స్ తీశాక గొంతులో రెండు వైపులా రెండు గుంతలు మిగులుతాయి. వాటికి కడుపు ఆపరేషన్‌కు వేసినట్టు కుట్లు వేసి మూయరు. రక్తనాళాలను కాటరీ అనే కరెంటు పరికరంతో కాల్చో, దారంతో కట్టో ఆపుతాం, గుంత మాత్రం తెరిచే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో దాని మీద తెల్లగా, ఒక్కోసారి పసుపుపచ్చగా పొర కడుతుంది. మోకాలికి దెబ్బ తగిలితే పక్కు కట్టినట్టే అనుకోండి. కాకపోతే ఇది ఎప్పుడూ తడిగా ఉండే చోటు కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. అయిదో రోజు నుంచి పదో రోజు లోపల ఆ పొర ఊడిపోతుంది. కింద కొత్త చర్మం సరిగ్గా తయారుకాకముందే ఊడితే, లోపలి నాళం తెరుచుకుంటే రక్తం వస్తుంది. మీ వాడకట్టు బాబుకు జరిగింది ఇదే.

కాబట్టి రక్తం రావడానికి రెండు వేళలు ఉన్నాయి. మొదటిది 24 గంటల లోపల, అందులోనూ ఎక్కువగా మొదటి ఆరెనిమిది గంటల్లో. అప్పటికి పాప హాస్పిటల్లోనే ఉంటుంది, చూసుకునే బాధ్యత మాది. రెండోది అయిదు నుంచి పదో రోజు మధ్య. అప్పటికి పాప ఇంట్లో ఉంటుంది. నొప్పి తగ్గుముఖం పట్టి, పిల్ల ఆడుకోవడం మొదలుపెట్టి, పెద్దవాళ్లు "ఇంక అయిపోయింది" అనుకునే సమయం అది.

ఎంతమందికి వస్తుందంటే, పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురి వరకు ఏదో ఒక స్థాయిలో రక్తం కనిపించవచ్చు. వాళ్లలోనూ మళ్లీ ఓటీకి తీసుకెళ్లాల్సి వచ్చేది కొద్దిమందికే. పెద్దవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో, అంతకుముందు టాన్సిల్ పక్కన చీము గడ్డ కట్టినవాళ్లలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. మీ పాప వయసు మీకు అనుకూలంగానే ఉంది.

ఇప్పుడు బీటీ, సీటీ సంగతి. ఈ రెండు పరీక్షల మీద మన జనానికి ఉన్న నమ్మకం నాకు లేదు. వేలికి సూది గుచ్చి, కాగితానికి అద్దుకుంటూ ఎన్ని నిమిషాలకు ఆగిందో చూసేది బీటీ, ఎన్ని నిమిషాలకు గడ్డకట్టిందో చూసేది సీటీ. ప్లేట్‌లెట్లు బాగా తగ్గితే తెలుస్తుందేమో గానీ, రక్తం సరిగ్గా గడ్డకట్టనివ్వని వాన్ విల్లెబ్రాండ్ అనే వంశపారంపర్య జబ్బు తేలికపాటిగా ఉంటే వీటిలో దొరక్కపోవచ్చు. ఇంటి రక్తస్రావ చరిత్రను నేను ఈ కాగితం కంటే ఎక్కువ నమ్ముతాను. నేను అడిగే ప్రశ్నలు ఇవి: పిల్లకు ముక్కులోంచి రక్తం కారితే పది నిమిషాలు పట్టుకున్నా ఆగలేదా? పాలపన్ను ఊడినప్పుడు, చెవులు కుట్టించినప్పుడు ఎంతసేపు కారింది? ఊరికే నీలి మచ్చలు పడతాయా? ముస్లిం కుటుంబాల బాబు అయితే సున్తీ చేసినప్పుడు ఏమైంది? ఆ తర్వాత తల్లిని అడుగుతాను, కాన్పులో రక్తం ఎక్కువ పోయి ఎక్కించారా, నెలసరిలో గడ్డలు గడ్డలుగా పోతుందా అని. ఈ చివరి ప్రశ్నకు భర్త, మామగారు పక్కన ఉంటే జవాబు రాదు. వాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను.

ఒకసారి అలా అడిగితేనే ఒక తల్లి చెప్పింది: "నాకు నెలకు ఏడెనిమిది రోజులు పోతది సార్, మా అమ్మకు గూడ గంతే. మా ఇంట్ల ఆడోళ్లందరికీ గట్లనే." వాళ్లకు అది జబ్బులా తోచలేదు. బాబు బీటీ, సీటీ నార్మల్. పరీక్షలకు హైదరాబాద్ పంపితే వాన్ విల్లెబ్రాండ్ జబ్బని తేలింది. ఆ తర్వాత రక్తసంబంధ జబ్బుల డాక్టర్ సలహాతో, మందులు చేతిలో పెట్టుకుని ఆపరేషన్ చేశాం. అడగకుండా చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

మన దగ్గర ఇంకో మాట తప్పకుండా అడగాలి. మేనరికమా? అక్క కూతురిని చేసుకున్నారా? రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల్లో కొన్ని లోపాలు చాలా అరుదు, కానీ దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో వాటి అవకాశం పెరుగుతుంది. మేనరికం అని చెప్పడానికి మొహమాటపడకండి. అలా చెబితే ఆపరేషన్ ఆపేస్తామని కాదు, ఇంకో రెండు పరీక్షలు చేస్తామంతే.

ఇక తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి? గొంతు వాచి జ్వరంగా ఉన్నప్పుడు కాదు. ఆ సమయంలో అక్కడి నాళాలు ఉబ్బి ఉంటాయి, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. నేనైతే చివరి జ్వరం తగ్గాక రెండు మూడు వారాలు ఆగుతాను. వానాకాలం, ఆ తర్వాతి రెండు నెలలు మన ప్రాంతంలో డెంగీ కాలం కూడా. ఆ రోజుల్లో జ్వరం వచ్చి తగ్గిన పిల్లకు ప్లేట్‌లెట్లు చూడకుండా ఓటీకి తీసుకెళ్లను. పాపకు ఆస్పిరిన్ ఉన్న మాత్ర ఏదైనా వేసి ఉంటే పది రోజులు గడవాలి. నాటు మందో, ఆయుర్వేదమో వాడుతుంటే అదీ చెప్పండి. మేం తిడతామని దాస్తారు, తిట్టం. సరే, కొంచెం తిడతాం, కానీ తెలిస్తే మంచిది.

పనిలో పనిగా ఒక మాట. ఆపరేషనే అవసరం లేకపోతే రక్తం వచ్చే ప్రశ్నే ఉండదు. ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్లు వరుసగా ఏడాదికి అయిదేసి సార్లు, లేదా మూడేళ్లు వరుసగా మూడేసి సార్లు గట్టిగా గొంతు నొప్పి, జ్వరం వస్తే తీయడం గురించి ఆలోచిస్తాం. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగుతుంటే అది వేరే బలమైన కారణం. మీరు రాసినదాన్ని బట్టి పాపకు కారణం ఉన్నట్టే ఉంది. రాత్రి గురక పెట్టేటప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి మీ డాక్టర్‌కు చూపించండి. మీరు మాటల్లో ఎంత చెప్పినా ఆ వీడియో చెప్పినంత చెప్పలేరు.

కోబ్లేషన్ గురించి. అమ్మే మాటను, ఆధారం ఉన్న మాటను వేరు చేసుకోవాలి. టాన్సిల్‌ను మొత్తంగా తీసేటప్పుడు కోబ్లేషన్‌తో చేస్తే తర్వాతి రోజుల్లో రక్తం రాదన్నది నిజం కాదు. ఇంగ్లండ్, నార్తర్న్ ఐర్లండ్‌లలో 2003, 2004లలో దాదాపు 34 వేల మంది రోగుల ఆపరేషన్ ఫలితాలను లెక్కగట్టే పెద్ద ఆడిట్ చేశారు. వేడిని, కరెంటును వాడే పద్ధతుల్లో, అందులో కోబ్లేషన్ కూడా ఉంది, పాతకాలపు కత్తి, దారం పద్ధతి కంటే వారం రోజుల తర్వాత రక్తం రావడం ఎక్కువగా కనిపించింది. ఆపరేషన్ టేబుల్ మీద పోయే రక్తం మాత్రం వేడి పద్ధతుల్లో తక్కువ. అది చూసే "రక్తం రాదు" అనే మాట పుట్టి ఉంటుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. గురక కోసం చేసే చిన్న పిల్లల్లో టాన్సిల్‌ను మొత్తం తీయకుండా, బయటి తొడుగును ఉంచి లోపలి భాగాన్ని మాత్రం తీసే పద్ధతి ఉంది. కండరం, పెద్ద నాళాలు బయటపడవు కాబట్టి నొప్పి, రక్తం రెండూ తక్కువ. మిగిలిన ముక్క కొందరిలో మళ్లీ పెరగవచ్చు, మళ్లీ వాచవచ్చు. మీ పాపకు మాటిమాటికి జ్వరాలే ప్రధాన బాధ కాబట్టి ఇది సరిపోతుందా లేదా అన్నది చూసిన డాక్టరే చెప్పాలి. నన్నడిగితే, ఏ మిషన్ అని కాకుండా "మీ చేతికి బాగా అలవాటైన పద్ధతి ఏది సార్?" అని అడగండి. అదే చేయించుకోండి. కాటరీ వాడినా ఎక్కువసేపు కాల్చకుండా, కావలసిన చోట మాత్రం తాకించి వదిలే చెయ్యి కావాలి.

ఓటీ లోపల మేం చేసేవి మీకు కనిపించవు గానీ రెండు చెప్తాను. తీయడం అయిపోయాక నోరు తెరిచి పట్టే గ్యాగ్‌ను ఒకసారి వదులు చేసి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తాను. బిగించి ఉన్నప్పుడు ఒత్తిడికి మూసుకున్న నాళం వదిలాక కారడం మొదలుపెట్టొచ్చు. ఆ రెండు మూడు నిమిషాలు ఓటీలో అందరికీ విసుగే. ఒక పాత సంగతి చెప్పాలి. డాక్టర్‌గా మొదటి సంవత్సరాల్లో ఒక రోజు నాలుగు కేసులు వరుసగా ఉంటే మూడో కేసులో నేను ఆ ఆగడం ఆగలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో కింద రాస్తాను. రెండోది, మత్తు డాక్టర్ పాపను దగ్గు, ఉక్కిరిబిక్కిరి లేకుండా మెల్లగా లేపడం, వాంతి రాకుండా మందు ఇవ్వడం. డెక్సామెథాసోన్ సూది ఒక్క డోసు ఇస్తే వాంతులు, నొప్పి రెండూ తగ్గుతాయి. 2008లో ఒక పరిశోధన ఈ మందుతో రక్తం పెరుగుతుందేమోనని అనుమానం లేపింది. 2012లో వచ్చిన ఇంకో పరిశోధనలో హాస్పిటల్లో చేర్చాల్సినంత, మళ్లీ ఓటీకి పోవాల్సినంత రక్తస్రావం దానివల్ల పెరిగినట్టు తేలలేదు. నేను ఇస్తాను.

ఆ రాత్రి సంగతి. ఆరేళ్ల బాబు. సాయంత్రం ఆరింటికి వార్డుకు పంపాం. తొమ్మిదింటికి చూసినప్పుడు పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. రాత్రి రెండింటికి ఫోన్. పోయి చూస్తే మంచం పక్కన బేసిన్‌లో నల్లగా, కాఫీ డికాక్షన్‌లా వాంతి, అందులో ఎర్రటి గడ్డలు. వాళ్ల నాయనమ్మ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మంచిగ పండుకున్నడు సార్, ఊకె గుటకలు మింగుతుండె, దూప అయితుందేమో అనుకున్న." ఆమె గంటల ముందే చూసింది. దాని అర్థం ఏమిటో ఆమెకు చెప్పనిది మేం. నోట్లో ఒక్క చుక్క ఎరుపు కనిపించలేదు, ఎందుకంటే కారిందంతా బాబు మింగేశాడు. మళ్లీ మత్తిచ్చి, గుంతలో గడ్డను తీసి, కింది కొసన కారుతున్న నాళాన్ని దారంతో కట్టాను. బాబు బాగయ్యాడు. ఆ రోజు నుంచి ప్రతి కేసులోనూ గ్యాగ్ వదిలి ఆగి చూస్తాను. ప్రతి తల్లికీ ఈ మాట చెప్తాను: నిద్రలో పిల్ల ఊరికే గుటకలు మింగుతుంటే లేపండి, నోరు తెరిపించి టార్చి వేసి చూడండి, నర్సును పిలవండి.

పిల్లలకు రక్తం ఎంత తక్కువ ఉంటుందో తెలిస్తే ఈ కంగారు అర్థమవుతుంది. కిలో బరువుకు సుమారు 75 మిల్లీలీటర్లు. పాప 20 కిలోలుంటే ఒంట్లో ఉన్నది మొత్తం లీటరున్నర. అందులో ఒక పెద్ద స్టీలు గ్లాసెడు, అంటే 300 మిల్లీలీటర్లు పోతే అయిదో వంతు పోయినట్టు. అప్పటికీ బీపీ నార్మల్‌గానే చూపించవచ్చు. పిల్లల్లో బీపీ చివర్లో పడుతుంది. ముందు నాడి వేగంగా కొట్టుకుంటుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, ముఖం పాలిపోతుంది. "బీపీ బాగానే ఉంది" అని ఎవరైనా అంటే నాడి ఎంత ఉందో కూడా అడగండి.

ఇప్పుడు ఇంటి జాగ్రత్తలు. అన్నిటికంటే ముందు నొప్పి మందు. నొప్పి ఉంటే పిల్ల మింగదు. మింగకపోతే నీళ్లు తాగదు. గొంతు ఎండిపోయి పొర గట్టిపడుతుంది, నోట్లో క్రిములు పెరుగుతాయి, పొర పగిలి ఊడుతుంది. అందుకే మొదటి అయిదారు రోజులు "నొప్పి అంటే వేద్దాం" అని ఆగకుండా డాక్టర్ రాసిన గంటలకు వేయాలి. రాత్రి ఒక డోసుకు లేపినా నష్టం లేదు. పొద్దున్నే గొంతు ఎండి, నొప్పి ఎక్కువగా ఉంటుంది కాబట్టి లేవగానే మందు, అరగంట ఆగి తాగడం.

పారాసిటమాల్ సిరప్‌తో ఒక చిక్కు ఉంది. మన మెడికల్ షాపుల్లో ఒకే పేరుతో రెండు బలాలు దొరుకుతాయి. అయిదు మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఒకటి, 250 మిల్లీగ్రాములు ఇంకొకటి. డాక్టర్ ఒకటి రాస్తే షాపులో ఇంకొకటి ఇచ్చారనుకోండి, పాపకు సగం డోసో, రెట్టింపు డోసో పడుతుంది. సీసా మీది అంకె చదవండి. గరిటెతో, చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత మూతతో పోయండి.

ఐబుప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మందు రక్తస్రావం పెంచుతుందా అని డాక్టర్లలోనే వాదన ఉంది. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల మార్గదర్శకాలు వాడొచ్చంటాయి. 2019లో అక్కడే వచ్చిన ఒక పరిశోధనలో మళ్లీ ఓటీకి వెళ్లాల్సినంత రక్తం పారాసిటమాల్ ఇచ్చిన పిల్లల్లో 1.2 శాతం, ఐబుప్రొఫెన్ ఇచ్చిన పిల్లల్లో 2.9 శాతం కనిపించింది. ఆ తేడా ఖాయమని చెప్పలేం, లేదనీ చెప్పలేం. నేను పారాసిటమాల్‌తో మొదలుపెడతాను, చాలకపోతేనే ఐబుప్రొఫెన్ కలుపుతాను, ఇంటి చరిత్రలో అనుమానం ఉంటే అసలు ఇవ్వను. రెండూ కలిపిన సిరప్‌లు కూడా ఉన్నాయి. అది వేస్తూ విడిగా పారాసిటమాల్ కూడా వేస్తే డోసు దాటిపోతుంది. ఆస్పిరిన్ వద్దే వద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ పిల్లలకు వద్దు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. నిమెసులైడ్ అనే నొప్పి మందును మన దేశంలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. నొప్పి తగ్గలేదని ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించకండి. ఆయన మీద నాకు కోపం లేదు, చాలా ఊళ్లలో అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ ఈ ఒక్క విషయంలో మీ సర్జన్‌కు ఫోన్ చేయండి.

"రక్తం ఆగే మాత్ర ముందే వేస్తే రాదు కదా" అని చాలామంది అడుగుతారు. ట్రానెగ్జామిక్ యాసిడ్ గురించి అడుగుతున్నారు. రక్తం వచ్చినప్పుడు అది పనికొచ్చే మందే, నేనూ వాడతాను. ఇంట్లో పది రోజులు వేసి నిశ్చింతగా ఉండే మందు మాత్రం కాదు. యాంటీబయాటిక్ కూడా అంతే, రక్తం రాకుండా అది ఆపుతుందనడానికి ఆధారం లేదు.

మీ అత్తమ్మగారి మాటకు వస్తాను. చల్లటివి తాగితే గొంతు పడుతుందన్నది మన ఇళ్లలో పాత మాట. ఈ రెండు వారాలు దాన్ని పక్కన పెట్టమని బతిమాలండి, లేదా నా మీదికి నెట్టేయండి. చల్లటి పాలు, చల్లటి మజ్జిగ, ఐస్‌క్రీమ్, ఐస్ ముక్క చప్పరించడం, అన్నీ ఇవ్వొచ్చు. చల్లదనానికి నొప్పి తగ్గి పిల్ల మింగుతుంది. అంతకంటే పెద్ద మహిమ ఐస్‌క్రీమ్‌లో లేదు. పాప గోరువెచ్చటి రాగి జావే ఇష్టపడితే అదే ఇవ్వండి. 20 కిలోల పిల్లకు రోజుకు సుమారు లీటరున్నర ద్రవం లోపలికి పోవాలి. ఒక లీటరున్నర బాటిల్ నింపి పెట్టుకుని, పాప ఏది తాగినా అంత నీళ్లు ఆ బాటిల్‌లోంచి పారబోయండి. సాయంత్రానికి ఎంత తాగిందో కళ్లకు కనిపిస్తుంది. ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోతే ఫోన్ చేయండి. నిమ్మ, బత్తాయి, పైనాపిల్ రసాలు మండుతాయి, వద్దు. ఎర్రటివి ఏవీ వద్దు. రోజ్ షర్బత్, పుచ్చకాయ రసం, బీట్‌రూట్ ఏదైనా తాగి వాంతి చేసుకుంటే అది రక్తమో రంగో మీకూ తెలియదు, ఫోన్‌లో నాకూ తెలియదు.

తిండి విషయంలో నేను పెద్ద పథ్యం చెప్పను. ఏం తిన్నారన్న దానికీ, రక్తం రావడానికీ గట్టి సంబంధం పరిశోధనల్లో దొరకలేదు. పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన కిచిడీ, అరటిపండు, ఏది పోతే అది. కారం మాత్రం మండుతుంది. కరకరలాడే సకినాలు, సర్వపిండి, మురుకులు రెండు వారాలు ఆగమంటాను, ఆధారం తక్కువైనా నాకు మనసొప్పదు. ఒకసారి సంక్రాంతి తర్వాత ఒక కుర్రాడు ఎనిమిదో రోజున రక్తంతో వచ్చాడు. "సకినం తిన్నడు సార్, గందుకే" అని ఇంటిల్లిపాదీ వాళ్ల అమ్మను తిడుతున్నారు. అడిగితే తేలిందేమిటంటే, అంతకుముందు నాలుగు రోజులు నొప్పికి అతను దాదాపు ఏమీ మింగలేదు, మాత్రలు కూడా మానేశాడు, గొంతు ఎండి అట్టకట్టింది. నేను సకినాన్ని కాదు, ఆ నాలుగు రోజులను అనుమానించాను. తల్లిని మాత్రం ఎవరూ వదల్లేదు.

మూడో రోజో నాలుగో రోజో పాప చెవి నొప్పి అంటుంది. చెవికి ఏమీ కాదు, గొంతుకు, చెవికి ఒకే నరం నుంచి కొమ్మలు పోతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. నోరు వాసన వస్తుంది, గుంతల్లో తెల్లటి పొర కనిపిస్తుంది. అది చీము కాదు. చీమనుకుని దూదితో, వేలితో తుడిచారంటే మీరే రక్తం తెప్పించినట్టు. పసుపు అద్దడం కూడా వద్దు. మెత్తని బ్రష్‌తో పళ్లు తోమొచ్చు, నోరు మెల్లగా పుక్కిలించి ఉమ్మొచ్చు, గొంతులో గరగరలాడించొద్దు. స్కూలు, సైకిలు, ఎగురుడు దుముకుడు రెండు వారాల తర్వాతే.

రక్తం వస్తే ఏం చేయాలి. ఉమ్మిలో సన్నటి గీతలా ఒకసారి కనిపించినా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఎర్రటి రక్తం చెంచాడు వచ్చినా, నల్లటి వాంతి అయినా ఫోన్‌తో ఆగకుండా బయల్దేరండి. పాపను కూర్చోబెట్టి, ముందుకు వంచి, గిన్నెలోకి ఉమ్మమనండి. మింగొద్దని చెప్పండి. పడుకోబెట్టాల్సి వస్తే పక్కకు తిప్పండి, వెల్లకిలా వద్దు. చల్లటి నీళ్లతో ఒకటి రెండుసార్లు పుక్కిలించి ఉమ్మించొచ్చు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. నోట్లో గుడ్డ కుక్కకండి. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని రావద్దు, 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ ఏ తేదీన అయిందో చెప్పండి, డిశ్చార్జ్ కాగితం, గిన్నె రెండూ వెంట తెండి. గిన్నె తేవడం అసహ్యం అనుకుంటారు. ఎంత పోయిందో దాన్ని చూస్తేనే నాకు అర్థమవుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రక్తం కొంచెం వచ్చి దానంతట అదే ఆగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ చిన్న రక్తం ఒక్కోసారి పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక. ఆగినా రావాలి, వస్తే ఒక రాత్రి హాస్పిటల్లో ఉంచి, సెలైన్ పెట్టి, రక్తం గ్రూపు చూసి గమనిస్తాం. తెల్లారి ఏమీ లేకపోతే పంపేస్తాం. భూపాలపల్లి వైపు నుంచి ఒక పాపను మధ్యాహ్నం ఒకసారి రక్తం వచ్చి ఆగిందని ఇంట్లోనే ఉంచారు. రాత్రి పదకొండింటికి మళ్లీ వచ్చింది. ఇక్కడికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది, పాప ముఖం తెల్లగా, తెలివి మసకగా ఉంది. రక్తం ఎక్కించి, ఓటీకి తీసుకెళ్లి కాపాడుకున్నాం. మధ్యాహ్నమే వచ్చి ఉంటే ఆ రక్తం ఎక్కించే పని ఉండేది కాదు.

అందుకే రెండో రోజు ఊరికి వద్దన్నాను. ఏటూరునాగారం నుంచి హన్మకొండకు వంద కిలోమీటర్ల పైనే. అడవి దారి, రాత్రి పూట సిగ్నల్ కూడా అన్ని చోట్లా ఉండదు. మేడారం జాతర ఉన్న సంవత్సరం ఆ రోజుల్లో ఆ దారి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట పిల్లలకు జాతరకు ముందు రెండు వారాల్లో నేను అత్యవసరం కాని టాన్సిల్స్ ఆపరేషన్ పెట్టను. ఆపరేషన్ రోజును కాదు, దాని తర్వాతి పదో రోజును క్యాలెండర్‌లో చూసి తేదీ ఇస్తాను. ఎడ్లు, కోళ్లు చూసుకునేవాళ్లు లేరు, నాట్లు ఉన్నాయి అని తొందరపడి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. అలాంటప్పుడు నాట్లు అయ్యాకే ఆపరేషన్ పెట్టుకుందాం అంటాను. టాన్సిల్స్ నెల రోజులు ఆగగలవు.

హన్మకొండలో చుట్టాల ఇల్లు ఉంటే పది రోజులు అక్కడే ఉండండి. లేకపోతే ములుగులోనైనా, ముందే మీ డాక్టర్‌ను అడిగి, అక్కడ రాత్రి పూట ఎవరికి చూపించాలో రాయించుకుని ఉండండి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు రాత్రి పూట ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి అడిగి, అక్కడ నిలబడే ఒకసారి దానికి ఫోన్ చేసి చూడండి. రిసెప్షన్ నంబర్ రాత్రి మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. పాప బరువు మీరు రాయలేదు, అది తెలియకుండా డోసులు చెప్పలేను. ఆపరేషన్ రోజు తూకం వేయించి, ఆ అంకెను డిశ్చార్జ్ కాగితం పైన పెద్దగా రాయించుకోండి. మీ ఇంట్లో ఆడవాళ్ల నెలసరి, కాన్పుల సంగతి కూడా ఒకసారి మీ అమ్మను అడిగి చెబితే, ఇంకే పరీక్షలు కావాలో చెప్తాను.